కణితిలో దాగిన చుట్టం

కడుపులో క్యాన్సర్ అని తేలిన ఇంట్లో పరామర్శకు వచ్చినవారు ముందుగా అడిగే మాట ‘ఏమేం తినేవాడేమిటి?’ అనే. పచ్చళ్లు, కారం, సిగరెట్టు, మందు... ఒక్కొక్కటీ వరసగా బోనెక్కుతాయి. మంచంమీద ఉన్న మనిషి అవన్నీ వింటూ ఉంటాడు. ఉప్పు మితిమీరిన తిండికి, పొగకు, హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియాకు ఈ జబ్బుతో సంబంధం ఉన్నమాట నిజమే. కానీ పదిమంది రోగుల్లో దాదాపు ఒకరి కణితి కణాల్లో మరో జాడ దొరుకుతుంది. అది ఎప్‌స్టీన్-బార్ వైరస్. ఆ వైరస్ ఒంట్లో చేరడంలో ఎవరి తప్పూ లేదు. పెద్దల్లో నూటికి తొంభైమందికి పైగా దాన్ని మోస్తున్నవారే. ఎక్కువగా చిన్నతనంలోనే, లాలాజలం ద్వారా, ఒక ముద్దుతోనో ఎంగిలి గ్లాసుతోనో వస్తుంది. ఒకసారి వచ్చాక తెల్లరక్తకణాల్లో ఒదిగి జీవితాంతం ఉండిపోతుంది.

దీన్ని కనిపెట్టిన తీరు కూడా చెప్పుకోదగ్గదే. ఉగాండా పిల్లల దవడల్లో పెరిగే కణితులను సర్జన్ డెనిస్ బర్కిట్ గుర్తించారు. ఆ కణితి ముక్కలు విమానంలో లండన్‌లోని ఆంథొనీ ఎప్‌స్టీన్‌కు వెళ్లేవి. 1963 డిసెంబరులో పొగమంచు వల్ల విమానం మాంచెస్టర్‌కు మళ్లింది. ఆలస్యంగా చేరిన సీసాలో ద్రవం మసకబారి ఉంది. పాడైపోయిందని పారబోయకుండా ఎప్‌స్టీన్ సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. ఆ మసక బ్యాక్టీరియా వల్ల వచ్చింది కాదు, బతికి తేలుతున్న క్యాన్సర్ కణాల వల్ల వచ్చింది. ఆ కణాల్లోని వైరస్‌ను ఎప్‌స్టీన్, ఇవాన్ బార్, బర్ట్ అచోంగ్ 1964లో లోకానికి చెప్పారు. మనిషిలో క్యాన్సర్‌తో ముడిపడిన తొలి వైరస్ అదే. కడుపు కణితుల్లోనూ అది ఉందని తెలియడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది.

అక్కడ అది ఏం చేస్తుందో ప్రొటీన్ల ద్వారా తెలుసుకోవచ్చు. ఎనభైకి పైగా జన్యువులున్న ఈ వైరస్ కడుపు కణితిలో వాటిలో చాలావాటిని అణచిపెట్టి, గుప్పెడు మాత్రమే పనిచేయనిస్తుంది. ఎక్కువ ప్రొటీన్లు తయారుచేస్తే రోగనిరోధక వ్యవస్థ కంట పడుతుంది కదా! ఈబీఎన్ఏ-1 అనేదాన్ని మాత్రం వదులుకోదు. కణం విడిపోయిన ప్రతిసారీ వైరస్ జన్యుపదార్థం రెండు కణాలకూ అందేలా చూసేది అదే. తనను తాను తక్కువగా బయటపెట్టుకునే అమరిక కూడా దాని నిర్మాణంలోనే ఉంది.

తన నోరు కట్టుకున్న వైరస్, ఆశ్రయమిచ్చిన కణం నోరూ కట్టేస్తుంది. ఈ కణితుల్లో డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు విపరీతంగా పేరుకుని జన్యువులు మూగబోతాయి. కణం అదుపు తప్పి విభజన చెందకుండా ఆపే పి-16 ప్రొటీన్ తయారీ అలాగే ఆగిపోతుంది. 295 కడుపు కణితులను శోధించిన అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ బృందం 2014లో ఈ వైరస్ ఉన్నవాటిని ప్రత్యేక తెగగా విడదీసింది. ఆ తెగలో ఒక ప్రొటీన్ మాత్రం ఎక్కువగా కనిపించింది. దాని పేరు పీడీ-ఎల్1. దాడికి వచ్చిన రోగనిరోధక టి-కణాలను ‘వెనక్కి వెళ్లండి’ అని ఆపేది అదే.

పాథాలజిస్టు స్లైడు మీద ఇదంతా కళ్లకు కడుతుంది. వైరస్ ఆర్ఎన్ఏను పట్టే ఈబర్ పరీక్షలో కణితి కణాల కేంద్రకాలు ముదురురంగులో తేలతాయి. పక్కనున్న ఆరోగ్యకరమైన గ్రంథులు లేతగానే ఉంటాయి. మరో స్లైడులో కణాల అంచుల వెంట గోధుమరంగు గీతగా పీడీ-ఎల్1. వాటి చుట్టూ లింఫోసైట్లు కిక్కిరిసి ఉంటాయి. శరీరం శత్రువును గుర్తుపట్టి, దాని దాకా సైన్యాన్ని తెచ్చి గుమ్మంలో నిలబెట్టిందన్నమాట. ఈ దృశ్యం ఎన్నిసార్లు తలచుకున్నా మనసును పట్టేస్తుంది. రోగి ఒళ్లు చేతులెత్తేయలేదు.

పీడీ-ఎల్1 వేసిన ఆ అడ్డును తొలగించే మందులు వచ్చాయి. 2018లో దక్షిణ కొరియా వైద్యులు ప్రచురించిన అధ్యయనంలో, జబ్బు ముదిరిన 61 మందికి పెంబ్రోలిజుమాబ్ అనే అలాంటి మందు ఇచ్చారు. వారిలో ఈ వైరస్ ఉన్న ఆరుగురికీ కణితి తగ్గింది. ఆరుగురంటే చాలా చిన్న లెక్క. తర్వాతి అధ్యయనాల్లో అందరికీ అంత ఫలితం రాలేదు. అయినా ఎవరికి ఏ మందు పనిచేయవచ్చో కణితినే అడిగి తెలుసుకునే దారి అయితే దొరికింది. ఈ మందుల ఖర్చు లక్షల్లో ఉంటుంది. పొలం అమ్మి మందు కొనే కుటుంబానికి, అది పనిచేసే అవకాశం ఎంతో ముందే తెలియాలి. అలాంటి చోట పరీక్ష చేయకుండా మందు మొదలుపెట్టడం అన్యాయం.

అందుకే ఇంట్లో ఎవరికైనా కడుపు క్యాన్సర్ నిర్ధారణ అయితే, ఏం తిన్నాడన్న విచారణ ఆపి, బయాప్సీ రిపోర్టు చేతపట్టుకుని డాక్టరుగారిని అడగండి: మందు ఎంపికలో దారిచూపే హెర్-2, పీడీ-ఎల్1, ఎంఎంఆర్ ప్రొటీన్ల పరీక్షలు చేశారా, ఈబర్ చేయిస్తే ఉపయోగమా అని. బయాప్సీ ముక్కను పొదిగిన మైనపు బ్లాకు ల్యాబులోనే ఉంటుంది. చాలా పరీక్షలు దాని మీదే చేయవచ్చు, మళ్లీ ఎండోస్కోపీ అక్కర్లేదు. ఆసుపత్రి మారేటప్పుడు ఆ బ్లాకును, స్లైడ్లను అడిగి తీసుకుని వెంట ఉంచుకోండి.