కొత్త కంప్యూటర్లో పాత ఆటలు

ఈ వారం రెండు ఉత్తరాల సంగతి. రెండూ మన సీమ నుంచి వచ్చినవే. అడిగింది ఒకే ప్రశ్నలా ఉంది గానీ, జవాబులు మాత్రం వేరు.

మొదటిది ప్రొద్దుటూరు సోదరిది. "మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో కంప్యూటర్లో పిజ్జా చేసే ఆట ఆడేది. పాపాస్ పిజ్జేరియా అని. అంటే మా పాపదే ఆ అంగడి అనుకునేదాన్ని నేను. ఇప్పుడా పాపకే ఒక పాప. సెలవులకు వస్తాండారు. మనవరాలికి చూపిద్దామని కొత్త కంప్యూటర్లో తెరిస్తే ఖాళీ డబ్బా కనపడతాంది. రిపేరు అబ్బాయినడిగితే 'పాత ఫ్లాష్ యాడన్నా వెతికి ఏసుకోండి' అన్నాడు. వేసుకోమంటారా అక్కా?"

వద్దు తల్లీ, వద్దు. ముందు ఆ పని ఆపండి, తర్వాత కారణం చెప్తాను.

కొన్నేళ్ల కిందట నేనూ ఇట్లాగే ఒక పేజీలో 'ఫ్లాష్ ఇక్కడ దించుకోండి' అన్న పచ్చ బటన్ నొక్కాను. దిగింది ఫ్లాష్ కాదు. ఏ పేజీ తెరిచినా జూదం ప్రకటనలే. చివరికి కంప్యూటర్ మొత్తం తుడిచేసి మళ్లీ పెట్టించాల్సి వచ్చింది. మా అత్తగారు చెబుతుంటే రెండు వేసవులు కూర్చుని టైపు చేసుకున్న పొడులు, పచ్చళ్ల కొలతలన్నీ దాంతోపాటే పోయాయి. అడుగుదామంటే ఆవిడ ఇప్పుడు లేరు. చెనిక్కాయల పొడి నేనిప్పటికీ చేస్తాను, ఆవిడ రుచి రాదు. ఆ కంప్యూటర్లో బ్యాంకు పని చేసే అలవాటు లేదు కాబట్టి సరిపోయింది. మీరెవరైనా ఇట్లా ఏదో నొక్కి, ఖాతాలో డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి. ఇంట్లో తిడతారని దాచుకుని కూర్చోవద్దు.

ఇంతకీ ఆ ఖాళీ డబ్బా ఎందుకొచ్చింది? ఆట ఒక క్యాసెట్ అనుకోండి. దాన్ని ఆడించే టేప్ రికార్డరు ఫ్లాష్. 1996లో పుట్టిన ఈ సాఫ్ట్‌వేర్ మాక్రోమీడియా చేతిలో పెరిగి, 2005లో అడోబీ చేతికొచ్చింది. పిల్లల ఆటలు, కార్టూన్లు లెక్కలేనన్ని దాని మీదే నడిచాయి. మీ అమ్మాయి ఆడిన పిజ్జా ఆట 2007లో వచ్చింది. అయితే ఫ్లాష్‌లో దొంగలు దూరే సందులు ఎక్కువ. ఒకటి పూడిస్తే ఇంకొకటి. 2017లోనే ఆపేస్తామని చెప్పిన అడోబీ, 2020 డిసెంబరు 31తో చేతులు దులుపుకుంది. 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ తనకు తానే ఆటల్ని ఆడించడం మానేసింది. కాబట్టి 'కొత్త ఫ్లాష్ వచ్చింది, దించుకోండి' అని ఏ పేజీ అన్నా నమ్మొద్దు. సందులున్న పాతది తెచ్చి పెట్టుకోవడం తలుపు గడియ తీసి పడుకోవడమే.

మరి క్యాసెట్లు? అవి చాలావరకు భద్రంగానే ఉన్నాయి. వాటిని ఆడించే కొత్త పెట్టె ఒకటి ఉంది. పేరు రఫుల్. స్పెల్లింగు ఆర్, యు, రెండు ఎఫ్‌లు, ఎల్, ఇ. ఉచితం. కొనమని ఎవరైనా డబ్బడిగితే అది రఫుల్ కాదని తెలుసుకోండి.

అసలు ఏమీ దించుకోకుండా అయ్యే దారి ముందు చూడండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే పెద్ద లైబ్రరీ 2020 నవంబరు నుంచి పాత ఫ్లాష్ ఆటల్ని దాచిపెట్టి, రఫుల్‌తోనే ఆడిస్తోంది. అక్కడ ఆట పేరు ఇంగ్లిషులో కొట్టి వెతకండి. దొరికితే నొక్కడమే. దొరక్కపోయినా, ఆట ఉన్న పాత పేజీ ఇంకా తెరుచుకుంటుంటే, క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో రఫుల్ ఎక్స్‌టెన్షన్ కలుపుకోండి. రఫుల్ డాట్ ఆర్ఎస్ అని వాళ్ల సొంత పేజీకే వెళ్లి, అక్కడి లింకు నుంచే తీసుకోండి. తర్వాత ఆట పేజీని మళ్లీ తెరవండి. ఆ ఖాళీ డబ్బాలో బొమ్మ కదులుతుంది. బాగా పాత ఆటలు చక్కగా నడుస్తాయి. 2006 తర్వాత మారిన పద్ధతిలో తయారైనవాటిలో కొన్ని తడబడతాయి, అది మీ తప్పు కాదు. అప్పటికీ కాకపోతే ఫ్లాష్‌పాయింట్ ఉంది. 2018లో మొదలైన ఈ భాండాగారంలో లక్షకు పైగా ఆటలున్నాయి. దాన్ని మాత్రం కంప్యూటర్లో దించుకోవాలి, కాబట్టి మీ అమ్మాయి వచ్చాక ఆమె చేతనే చేయించండి. మొత్తం ఆటలన్నీ ఒకేసారి దించే రకం జోలికి పోవద్దు, మన కంప్యూటర్లో పట్టదు. అడిగిన ఆటను అప్పటికప్పుడు తెచ్చే చిన్న రకం చాలు.

రెండో ఉత్తరం కర్నూలు నుంచి. ఇది రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"2009 అక్టోబరు వరదలో మా ఇల్లు మునిగింది. పెళ్లి ఆల్బం కూడా మిగల్లేదు. ఆ తర్వాత కంప్యూటర్ కొని, మా ఆయన ఫేస్‌బుక్‌లో ఫార్మ్‌విల్ తోట పెట్టారు. పక్క తోట నాది. స్ట్రాబెర్రీ నాలుగు గంటల్లో కోతకొస్తుంది, మన చెనిక్కాయకు మాదిరి నాలుగు నెలలు మబ్బుల్ని చూడాల్సిన పని లేదని నవ్వేవారు. ఆయన పోయి మూడేళ్లయింది. ఆ తోట ఒక్కసారి చూడొచ్చునా?"

అమ్మా, అది తిరిగి రాదు. ఎందుకో మీకు తెలిసిన మాటలోనే చెప్తాను. పిజ్జా ఆట సొంత బావి ఉన్న చేను లాంటిది. నీళ్లు అందులోనే ఉన్నాయి, ఎప్పుడు తోడినా వస్తాయి. ఫార్మ్‌విల్ కె.సి. కాలువ కింది చేను. సుంకేసుల దగ్గర నీళ్లు ఆపేస్తే, గట్టు మీద నిలబడి మనం ఏం చేసినా మడి తడవదు. మీ తోటలు మీ కంప్యూటర్లో లేవు, జింగా కంపెనీ సర్వర్లలో ఉండేవి. 2020 డిసెంబరు 31న వాళ్లు ఆ ఆట మూసేశారు. రఫుల్ కూడా ఏమీ చేయలేదు. ఫోన్లో ఫార్మ్‌విల్ పేరుతో వేరే ఆటలున్నాయి, వాటిలో మీ పాత చెట్లు ఉండవు. డబ్బిస్తే పాత తోట తెచ్చిస్తానని ఎవరన్నా అంటే పైసా ఇవ్వకండి.

ఒక్కటి మాత్రం చేసి చూడండి. అప్పట్లో తోటను ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టుకునే వీలుండేది. మీవారి పేజీలో ఫోటోలు, ఆల్బములు నొక్కి 2009 నుంచి ఆ నాలుగేళ్లవీ ఓపిగ్గా చూడండి. మీ పేజీలోనూ చూడండి, పక్క తోట మీదే కదా. ఒక్కటి కనపడినా కంప్యూటర్లోకి దించుకుని, స్టూడియోలో కాగితం మీద రెండు కాపీలు వేయించండి. ఒకటి మీ దగ్గర, ఇంకొకటి వేరే ఊళ్లో ఉండే మీవాళ్లెవరి దగ్గరైనా. దొరికితే నాకో కార్డు ముక్క రాయండి.