కంటితెరలో నెత్తురు పారుదల

చక్కెర జబ్బు మన ఇళ్ళకు కొత్త చుట్టం కాదు. కాఫీలో పంచదార మానుకున్న పెద్దలు మనలో చాలామందే ఉన్నారు. "కంటి పరీక్ష చేయించుకున్నారా?" అని మేము అడిగితే మాత్రం, "పంచాంగంలో సన్నక్షరాలు ఇప్పటికీ చదువుతున్నామండీ, మాకెందుకు?" అంటారు. ఈ ధీమాను గురించే ఈ నెల నాలుగు మాటలు మనవి చేస్తాము.

కంటి లోపలి వెనుక గోడకు రెటీనా అనే పలుచని పొర ఉన్నది. మనం చూసే బొమ్మ పడే తెర అదే. వెంట్రుక కంటె సన్నని నాళాలు దానికి నెత్తురు అందిస్తాయి. ఏళ్ళ తరబడి చక్కెర హెచ్చుగా ఉంటే వాటిలో కొన్ని ఉబ్బి కారుతాయి, కొన్ని పూడిపోతాయి. ఊరి కుళాయిల సంగతి మనకు తెలియనిదా! పెద్ద గొట్టంలో నీళ్ళు పారుతున్నా వీధి చివరి ఇంటికి చుక్క రాదు. నెత్తురు అందని చోటు కొత్త నాళాలను మొలిపిస్తుంది. అవి బలం లేనివి. చిట్లితే కంట్లో నెత్తురు నిండి చూపు పోవచ్చు. అంతదాకా అక్షరాలు చక్కగానే కనబడుతూ ఉండవచ్చు.

కనుక పారుదలనే చూడాలి. 1851లో జర్మను పండితుడు హెల్మ్‌హోల్ట్‌జ్ కంటి లోపలికి చూసే సాధనాన్ని గురించి పుస్తకం ప్రకటించాడు. నాళాలు కనబడ్డాయి గాని పారుదల సంగతి తేలలేదు. 1961లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయపు వైద్య విద్యార్థులు నొవోట్నీ, ఆల్విస్ ఒక పద్ధతిని ప్రచురించారు. చేతి సిరలోకి ఫ్లోరెసిన్ అనే రంగు ఎక్కించి, నీలికాంతిలో వరుసగా ఫొటోలు తీయడమే అది. పది పదిహేను సెకండ్లలో రంగు కంటికి చేరి మెరుస్తుంది. మెరవని చోట నాళం పూడింది, మెరుపు బయటికి పాకిన చోట కారుతున్నది. 1972లో రీవా బృందం కుందేలు కంటిలో లేసరు కాంతితో నెత్తురు వేగాన్నే కొలిచింది.

ఇప్పుడు సూది లేకుండానే, ఒకే చోటును కాంతితో మళ్ళీ మళ్ళీ చూసి, కదిలే రక్తకణాలను బట్టి నాళాల పటం గీసే యంత్రాలు వచ్చాయి. పూడిక అందులో బాగా తెలుస్తుంది. కారడం తెలియదు. అందుచేత రంగు పరీక్షకు ఇంకా పని ఉన్నది.

ఇవన్నీ అందరికీ అవసరం కావు. చుక్కలు వేసి, కంటిపాప విప్పించి రెటీనాను చూడడం మొదటి మెట్టు. ఆపై ఏది కావాలో వైద్యుడు చెబుతాడు. పెద్ద వయసులో వచ్చిన జబ్బయితే, అది తెలిసిన నాడే ఒకసారి, ఆ తరువాత సాధారణంగా ఏటా చూపించుకోవాలి. గర్భవతులు ఇంకా ముందుగా చూపించుకోవాలి. ముందే పట్టుబడితే చక్కెర, రక్తపుపోటు అదుపు, లేసరు, ఇంజక్షన్లు చూపును కాపాడగలవు. పోయిన చూపు తిరిగి రావడం మాత్రం కష్టం.

చుక్కల వల్ల కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. తోడు ఒకరిని తీసుకువెళ్ళండి. వైద్యునితో మనం తమిళంలో మాట్లాడినా, కన్నడంలో, ఒరియాలో, మరాఠీలో మాట్లాడినా రెటీనా అన్న మాట ఒక్కటే. కళ్ళజోడు పరీక్షతో సరిపెట్టుకోక, ఆ మాట పలికి మరీ అడగండి.