ఏ క్లాసులో వెయ్యాలి?

పరాయి దేశంలో పదేళ్లో పన్నెండేళ్లో ఉండి, సొంతూరికి వచ్చేద్దాం అనుకున్న కుటుంబం ముందు బోలెడు ప్రశ్నలుంటాయి. ఇల్లు, ఉద్యోగం, పెద్దవాళ్ల ఆరోగ్యం. వీటన్నిటికీ నెలల తరబడి లెక్కలు వేస్తారు. పిల్లల చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం "మంచి స్కూలేదో కనుక్కుని చేర్పిద్దాం లే" అని ఒక్క మాటతో తేల్చేస్తారు. స్కూలు దొరకడం పెద్ద కష్టం కాదు. ఆ స్కూల్లో ఏ క్లాసులో కూర్చోబెడుతున్నాం అన్నదే అసలు సంగతి. పాప ముందున్న ఏళ్లన్నీ ఆ ఒక్క నిర్ణయం మీద నడుస్తాయి.

ఇది పట్నాల్లో వాళ్ల సమస్య మాత్రమే అనుకోకండి. కువైట్ బతుకుదెరువు కడప జిల్లాకి తరాలుగా తెలిసినదే. నల్లమల అంచున ఉన్న ఆత్మకూరు లాంటి ఊళ్లకీ గల్ఫ్ నుంచో, అమెరికా నుంచో తిరిగివచ్చే పిల్లలున్నారు. పట్నంలో అయితే నాలుగు రకాల సిలబస్‌లు, పది రకాల బడులు ఉంటాయి. చిన్న ఊళ్లో ఉన్న రెండు మూడింట్లోనే సర్దుకోవాలి. అందుకే ఇక్కడి తల్లి మరికాస్త ముందుగా ఆలోచించాలి.

మామూలుగా ఏం జరుగుతుంది? హెడ్మాస్టరు గారు పాప చేతికి తెలుగు వాచకం ఇస్తారు. పాప ఒత్తుల దగ్గర ఆగిపోతుంది. "పునాది లేదమ్మా, రెండు క్లాసులు కింద వేద్దాం" అంటారు. ఆయన భయం ఆయనది. రేపు పదో తరగతి ఫలితాల్లో స్కూలు పేరు పోకూడదు. తల్లి కూడా, పోనీలే, గట్టిపడుతుంది కదా అని తల ఊపుతుంది. లెక్కల్లో, సైన్సులో, ఇంగ్లీషులో తోటివాళ్లతో సమానంగా ఉన్న పిల్ల ఒక్క తెలుగు కోసం చిన్నపిల్లల మధ్య కూర్చుంటుంది. బెంచీలో అందరికంటే తలెత్తు ఎక్కువ. ఆటల్లో కలవలేదు. పైగా పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరో ఒకరు అడగనే అడుగుతారు, "ఏమ్మా, విదేశాల్లో చదివి ఇంకా అయిదో క్లాసేనా?" అని.

ఆడపిల్ల విషయంలో ఈ లెక్క ఇంకా దూరం పోతుంది. పన్నెండేళ్ల పిల్లని ఏడులో వేస్తే పదహారు నిండే వేళకి పదో తరగతి అయిపోతుంది. అదే పిల్లని అయిదులో వేస్తే పది పూర్తయ్యేసరికి పద్దెనిమిదికి చేరుతుంది. చట్టం ఒప్పుకునే పెళ్లి వయసు అదే కదా! "ఇంకా ఎంత కాలం చదివిస్తారు, సంబంధం చూడండి" అనే గొంతులకి మన ఊళ్లల్లో కరువు లేదు. క్లాసు నిర్ణయించేటప్పుడు ఎవరికీ తట్టని ఈ రెండేళ్లు, చివరికి డిగ్రీ దగ్గర కోతపడతాయి.

కాబట్టి మొదటి కొలబద్ద వయసు. వయసుకి తగిన క్లాసులో వేసి, వెనకబడిన సబ్జెక్టుకి విడిగా సాయం చెయ్యాలి. ఇది ఊరికే చెప్పే మాట కాదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల గురించి చెప్పింది ఇదే. ఎప్పుడూ బడి ముఖం చూడని పిల్లనీ, మధ్యలో మానేసిన పిల్లనీ కూడా వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, తోటివాళ్లని అందుకునేందుకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి అంది. అసలు చదువే లేని పిల్లకి ఆ గౌరవం ఇవ్వమన్నప్పుడు, ఏటేటా పరీక్షలు రాసి పాసైన పిల్లని కిందికి దించడంలో న్యాయం ఏముంది? ప్రవేశానికే పరీక్ష పెట్టి వడపోయడాన్ని కూడా ఆ చట్టం ఒప్పుకోదు. చేరాక, ఎక్కడ సాయం కావాలో తెలుసుకోవడానికి పెట్టే పరీక్ష వేరు. దాన్ని మనమే అడిగి పెట్టించుకోవాలి.

రెండోది, అంకెల్ని చూసి మోసపోవద్దు. బ్రిటన్‌లో అయిదేళ్లు నిండాక వచ్చే సెప్టెంబరులోనే 'ఇయర్ వన్' మొదలవుతుంది. ఆ పద్ధతిలో 'ఇయర్ సిక్స్' చదివిన పిల్ల దాదాపు మన అయిదో తరగతి పూర్తిచేసినట్టు. గల్ఫ్‌లో బ్రిటిష్ సిలబస్ స్కూళ్లలో చదివిన వాళ్లకీ ఇదే లెక్క. అమెరికాలో ఆరేళ్లకి ఫస్ట్ గ్రేడ్ కాబట్టి అంకె ఇంచుమించు సరిపోతుంది. ఇక్కడ కూడా తేడాలున్నాయి. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్లు అంది. కేంద్రీయ విద్యాలయాలు 2022-23 నుంచి దాన్ని పాటిస్తున్నాయి. అయిదేళ్లకే ఒకటిలో చేరినవాళ్లూ మన బడుల్లో ఉన్నారు. అందుకని కాగితం మీది అంకెతో ఆగకుండా, "మీ ఆరో క్లాసులో పిల్లల వయసు ఎంతండీ?" అని నేరుగా అడగండి.

మూడోది వచ్చే నెల. మన రాష్ట్రంలో బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు. అమెరికాలో మే, జూన్ నెలల్లో ఏడాది ముగుస్తుంది కాబట్టి అక్కణ్ణుంచి వేసవిలో వస్తే నష్టం ఉండదు. కువైట్ లాంటి చోట్ల మన సీబీఎస్‌ఈ బడుల్లో ఏప్రిల్‌లోనే కొత్త తరగతి మొదలవుతుంది. అక్కణ్ణుంచి వచ్చిన పిల్ల అదే తరగతిలో కొనసాగవచ్చు. సింగపూర్‌లో జనవరికి, ఆస్ట్రేలియాలో జనవరి చివరికి ఏడాది మొదలు. అక్కణ్ణుంచి జూన్‌లో వస్తే సగం చదివిన తరగతినే ఇక్కడ మొదటి నుంచి చదవాల్సి రావచ్చు. అది వెనకబడటం కాదు, తెలుగు అందుకోవడానికి దొరికిన సమయం అనుకోవాలి.

మన చేతిలో లేని రాకలు కూడా ఉంటాయి. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగాక, లక్షా డెబ్బై వేల మంది దాకా భారతీయుల్ని విమానాల్లో వెనక్కి తెచ్చారు. అప్పటికి ఇక్కడ బడులు తెరిచి రెండు నెలలు దాటింది. 2020లో కరోనా వేళ కూడా విదేశాల నుంచి కుటుంబాలు ఉన్నపళంగా దిగాయి. ఏడాది మధ్యలో అలా వచ్చినప్పుడు "జూన్ దాకా ఇంట్లోనే ఉండనీలే" అనుకోవద్దు. నీళ్లు మారితే ఒంటికే అలవాటు పడటానికి కొన్నాళ్లు పడుతుంది. బడి మారితే పట్టదా? మిగిలిన నాలుగు నెలలైనా వయసు క్లాసులో కూర్చుంటే స్నేహితులు దొరుకుతారు, భాష చెవిన పడుతుంది.

తెలుగు సంగతి తేలిక కాదు. రాష్ట్ర సిలబస్‌లో పదో తరగతిలో తెలుగు మొదటి భాష. నూటికి ముప్పై అయిదు రావాల్సిందే. కానీ చదవడం రాని పిల్లకి మాట వచ్చు కదా! ఇంట్లో తెలుగు మాట్లాడిన పిల్ల అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వరసగా, రోజూ అరగంట చొప్పున దిద్దితే అందుకోలేనిదేం లేదు. బయల్దేరడానికి ఆరు నెలల ముందే మొదలుపెడితే మరీ మంచిది. అమెరికా తదితర దేశాల్లో 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి తెలుగు నేర్పుతోంది. అవేవీ లేకపోతే అమ్మమ్మ ఫోనులో చదివించినా చాలు. అమెరికా పిల్లలకి మరో చిక్కు కొలతలు. మైళ్లు, పౌండ్లు వదిలి కిలోమీటర్లు, కిలోలకి మారాలి. ఎక్కాలు నోటికి రావాలి.

ఒక్క చోట మాత్రం వయసు సూత్రాన్ని సడలించవచ్చు. అది పదో తరగతి. సీబీఎస్‌ఈలో తొమ్మిది, పది కలిపి రెండేళ్ల చదువు. నేరుగా పదిలో చేరడం కష్టం. వీలైతే తొమ్మిదికి ముందే రండి. రాలేకపోతే, పిల్ల ఒప్పుకుంటే, తొమ్మిదిలో చేరి ఒక ఏడాది పోగొట్టుకోవడం మేలు. రెండేళ్లు మాత్రం వద్దు. జాతీయ ఓపెన్ స్కూల్లో పది రాసే దారి కూడా ఉంది. అక్కడే పది స్థాయి పరీక్ష పాసైన వాళ్లయితే ఇంటర్ బోర్డుని ముందే అడిగి తెలుసుకోవాలి.

కాగితాల్లో ఒక్క జాగ్రత్త. టీసీ, మార్కుల పత్రాల మీద అక్కడి మన రాయబార కార్యాలయం ముద్ర వేయించుకుని రండి. పుట్టినతేదీ మరీ ముఖ్యం. అమెరికాలో నెల ముందు, తేదీ తర్వాత రాస్తారు. 06-12 అంటే అక్కడ జూన్ 12. ఇక్కడి గుమాస్తా దాన్ని డిసెంబరు 6గా ఎక్కించాడంటే పది సర్టిఫికెట్లో అదే వస్తుంది, జీవితాంతం వెంటాడుతుంది. నెల పేరు అక్షరాల్లో రాయించండి.

చివరిగా, ఈ నిర్ణయంలో పిల్లని కూడా కూర్చోబెట్టుకోండి. దేశం మారడం ఆమెను అడిగి చెయ్యలేదు. స్నేహితులు, గది, వీధి అన్నీ ఒక్కసారే వదిలి వచ్చింది. తన ఈడువాళ్ల పక్కన చోటు ఒక్కటైనా మిగిల్చితే, మిగతావి తనే సర్దుకుంటుంది. తెలుగులో మొదటి ఏడాది మార్కులు తగ్గితే తగ్గనివ్వండి. మార్కులు మళ్లీ తెచ్చుకోవచ్చు, తక్కువదాన్ననే భావన మనసులో పడితే అంత సులువుగా పోదు. హెడ్మాస్టరు గారు రెండు క్లాసులు కిందికి అన్నప్పుడు, మర్యాదగానే, గట్టిగా చెప్పండి: "వయసు క్లాసులోనే వెయ్యండి సార్. తెలుగు సంగతి మేము చూసుకుంటాం."