గెలిచింది గుర్తులేదు, ఓడింది గుర్తుంది

సెప్టెంబరు ఆఖరి శనివారం పొద్దున పది కొట్టేసరికి బనగానపల్లెలో మా ఇంట్లో ఫోను మోగుతుంది. మెల్‌బోర్న్‌లో అప్పుడు మధ్యాహ్నం రెండున్నర. అక్కడ ‘ఫుటీ’ గ్రాండ్ ఫైనల్ మొదలయ్యే టైము. దానికి ముందు శుక్రవారం విక్టోరియా రాష్ట్రమంతా ప్రభుత్వ సెలవు. ఒక ఆట కోసం సెలవిస్తారంటే మా బస్టాండులో ఎవరూ నమ్మలేదు. చెప్పి చూశాను.

మా మనవడు ఫోనును టీవీకి ఎదురుగా ఆనించి పెడతాడు. సగం ఆట కనిపిస్తుంది, సగం వాళ్ళ సోఫా కనిపిస్తుంది. ఆట జరిగేది ఎంసీజీలో. 2024 డిసెంబరులో మన నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టిన మైదానమే. అదే గడ్డి మీద జట్టుకు పద్దెనిమిది మంది చొప్పున కోలబంతి కోసం కలబడతారు. కాలితో తన్నొచ్చు, పిడికిలితో కొట్టొచ్చు, ఎదుటివాడి వీపు మీదికెక్కి గాల్లో పట్టుకోవచ్చు. నాలుగు స్తంభాలుంటాయి. మధ్య రెండింటి నడుమ తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందులో పోతే ఒకటి. గురి తప్పినవాడికి కూడా ఒక పాయింటు ఇచ్చే ఆట ఇంకోటి నేను చూడలేదు.

2025 ఫైనల్‌లో బ్రిస్బేన్ లయన్స్ 122, జీలాంగ్ 75. మావాడి టీము వెస్టర్న్ బుల్‌డాగ్స్ అసలు ఫైనల్స్‌లోనే లేదు. 2025లో పై ఎనిమిది జట్లకే ఫైనల్స్ ఆడే అర్హత ఉండేది, వీళ్ళు తొమ్మిదో స్థానంలో ఆగిపోయారు. అయినా వాడు ఎరుపు నీలం చొక్కా తొడుక్కునే కూర్చున్నాడు.

“ఏం రా, నీ టీము లేదు గదా, ఆ చొక్కా ఎందుకు?” అంటే, “అయితే ఏం తాతా?” అన్నాడు. తొమ్మిదేళ్ళ పిల్లోడికి అంతకంటే ఏం చెప్పాలో తెలియదు. నాకూ ఏం అడగాలో తెలియలేదు.

మా పాప వాళ్ళుండేది టార్నీట్‌లో. మెల్‌బోర్న్‌కు పడమటి వైపు. ఆ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. ఆ పడమటి వైపు టీమే బుల్‌డాగ్స్. పాత పేరు ఫుట్‌స్క్రే. ఫ్యాక్టరీ కూలీల పేట పేరు అది. వందేళ్ళు దాటిన చరిత్రలో పెద్ద లీగులో వాళ్ళు గెలిచింది రెండే రెండు కప్పులు, 1954లో ఒకటి, 2016లో ఒకటి.

2016లో మావాడు పాలు తాగే పిల్లోడు. ఏడో స్థానంలో ఫైనల్స్‌కు వచ్చి కప్పు కొట్టిన మొదటి జట్టు అదే. ఆ రోజు ముచ్చట ఒకటి చెప్పుకోవాలి. కెప్టెన్ బాబ్ మర్ఫీ ఆ సీజన్ మొదట్లోనే మోకాలు దెబ్బతిని ఆటకు దూరమయ్యాడు. ఏళ్ళ తరబడి ఆడినవాడు, టీము గెలిచే రోజు గట్టున నిలబడి చూశాడు. కోచ్ ల్యూక్ బెవరిడ్జ్ తన మెడలో వేసిన పతకం తీసి, మర్ఫీని వేదిక మీదికి పిలిచి అతని మెడలో వేశాడు. ఆ వీడియో మా పాప నాకు పంపింది. మా ఇంటామె ఆట ఏందో తెలియకుండానే కళ్ళు తుడుచుకుంది.

అదంతా మావాడికి వినికిడే. వాడికి బాగా గుర్తున్నది 2021. లాక్‌డౌన్ వల్ల ఫైనల్ పెర్త్‌లో పెట్టారు. మూడో క్వార్టర్‌లో 19 పాయింట్ల ముందున్న బుల్‌డాగ్స్, ఆఖరుకు 74 తేడాతో మెల్‌బోర్న్ టీము చేతిలో ఓడిపోయింది. వీడు అన్నం తినకుండా పడుకున్నాడని పాప చెప్పింది. అంటే గెలిచింది గుర్తులేదు, ఓడింది గుర్తుంది. అయినా ఆ చొక్కా విడవలేదు.

ఇంకా వెనక్కి పోతే కథ ఇంకో రకం. 1989లో ఫుట్‌స్క్రే అప్పుల్లో ఉందని, ఫిట్జ్‌రాయ్ అనే ఇంకో పేద క్లబ్బుతో కలిపేయాలని లీగు తీర్మానించింది. కొత్త పేరు ‘ఫిట్జ్‌రాయ్ బుల్‌డాగ్స్’ అని కూడా పెట్టేశారు. ఐరీన్ చాట్‌ఫీల్డ్ అనే మామూలు అభిమాని ఆ విలీనం మీద కోర్టుకెక్కింది. డబ్బు పోగెయ్యడానికి కొంచెం గడువు దొరికింది. జనం డబ్బాలు పట్టుకుని వీధుల్లో, రైల్వే స్టేషన్లలో గలగలలాడించారు. పిల్లలు హుండీ పగలగొట్టి తెచ్చారంట. క్లబ్బు నిలిచింది.

నిలిచింది గానీ, 1996 సీజన్ అయిపోయాక క్లబ్బువాళ్ళే ‘ఫుట్‌స్క్రే’ అనే మాట తీసేసి ‘వెస్టర్న్’ అని పెట్టుకున్నారు. ఇంత మంది డబ్బాలు ఆడించింది ఆ పేరు కోసమే గదా! నాకైతే అది అన్యాయమే అనిపిస్తుంది.

ఫిట్జ్‌రాయ్‌ది ఇంకా ఘోరం. అదే 1996లో వాళ్ళను పదిహేడు వందల కిలోమీటర్ల అవతలి బ్రిస్బేన్‌లో కలిపేశారు. అట్లా పుట్టిందే బ్రిస్బేన్ లయన్స్. పాప వాళ్ళ పక్కింట్లో ఒక పెద్దామె ఉంది, పాత ఫిట్జ్‌రాయ్ మనిషి. కలిపేసినాక కొన్నేళ్ళు ఆట చూడడమే మానేసిందంట. మొన్న ఫైనల్ అయ్యాక లయన్స్ పాట వేశారు. ఫ్రాన్స్ జాతీయగీతం వరసలో ఉండే ఆ పాట ఫిట్జ్‌రాయ్ వాళ్ళదే, మాటలే కొంచెం మార్చారు. ఆమె గోడ పక్కన నిలబడి గట్టిగా పాడుతోందని, పాత మాటలతోనే పాడుతోందని మావాడు ఫోను కిటికీ దగ్గరకు తీసుకుపోయి వినిపించాడు. గొంతు బాగాలేదు, వరసా సరిగ్గా లేదు. ఫోను మాత్రం పెట్టెయ్యబుద్ధి కాలేదు.

ఎందుకంటే మాదీ కలిపేసిన ఊరే. బనగానపల్లె నవాబుల సంస్థానం. 1948లో మద్రాసు రాష్ట్రంలో కలిపి కర్నూలు జిల్లాకు చేర్చారు. 2022లో నంద్యాల జిల్లా అయ్యింది. నేను ఇప్పటికీ అడ్రసులో కర్నూలు అని రాసి కొట్టేసి మళ్ళీ రాస్తుంటా. సంస్థానం పోయింది, జిల్లా మారింది, పేరు మామిడికాయ మీద మాత్రం దేశమంతా తిరుగుతోంది.

ఇదంతా చెబితే వాడు కాసేపు ఆలోచించి, “తాతా, మీ ఊరికి టీము ఉందా?” అన్నాడు.

“ఎద్దుల జత ఉంటుంది రా,” అన్నాను. తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు, ఏ ఊరి గిత్తలకు ఆ ఊరోళ్ళు ఈలలు వేయడం, అడుగులు లెక్కపెట్టడం అంతా చెప్పాను. ఒకాయన ఏటా జతను తోలుకొచ్చేవాడు, నేను చూసినన్నేళ్ళూ మొదటి బహుమతి రాలేదు.

“మరి మళ్ళీ వచ్చేవాడా?”

“వచ్చేవాడు. గిత్తల కొమ్ములకు కొత్త రంగు వేయించుకుని మరీ.”

“ఏం రంగు?” అన్నాడు. నిజంగా గుర్తులేదు. ఎరుపూ నీలమూ అని చెప్పేశాను.