మన బ్యాండు మేళము

మన కోనసీమలో బ్యాండు మేళము లేని పెండ్లి అరుదు. తీర్థమునకైనను, క్రిస్మసు ఊరేగింపునకైనను మేళమే ముందు నడచును. అమలాపురము మొదలు రాజోలు, కొత్తపేటల వఱకు ముహూర్తముల దినములలో ఏ కాలువగట్టున నిలిచినను, ఏదో యొక దిక్కునుండి పెద్ద డ్రమ్ము మ్రోత వినబడక మానదు. మనము ఆ మ్రోతను విందుము గాని, దానిని పుట్టించువారి వంక చూడము. ఈ విషయమున మాకు తోచిన మాటను నిర్మొగమాటముగ చెప్పదలచితిమి.

మేళములో క్లారినెట్టు గాయకుని కంఠము వంటిది. ట్రంపెట్టును శాక్సఫోనును దానికి బదులు పలుకును. సైడు డ్రమ్ము నడక నిచ్చును. పెద్ద డ్రమ్ము ఆ నడకను నిలుపును. వాయించువారిలో పలువురు స్వరలిపి నెఱుగరు. క్రొత్త పాట వచ్చినచో చెవితో విని, నోట పాడుకొని, వ్రేళ్లకు తెచ్చుకొందురు. దళసరి కోటు తొడిగికొని, ఇత్తడి వాద్యమును పెదవుల కదిమి, గంటల తరబడి నడచుచు శ్రుతి తప్పక ఊదుట ఎంత కష్టమో, ఒక్క నిమిషము ఊదిచూచిన విద్యార్థికి తెలియగలదు. ఆషాఢమునను మూఢములలోను పెండ్లిండ్లు నిలిచిపోవును. ఆ దినములలో ఈ చేతులే నారు నాటును, కొబ్బరికాయ లొలుచును.

ఈ వాద్యములు మన దేశమునకు సైనికదళముల వెంట వచ్చినవి. శాక్సఫోనును కనిపెట్టిన అడాల్ఫ్ సాక్స్ బెల్జియము దేశస్థుడు. దానికి 1846లో ఫ్రాన్సులో పేటెంటు పొందెను. ఈ వాద్యములే అమెరికాలోని నల్లజాతివారి చేతులలో మఱియొక భాగ్యమును పొందినవి. వారి దేవాలయములలోని కీర్తనల గొంతు వీధి పాటలతో కలిసి సోల్ సంగీతమైనది. దానినుండియే ఫంక్ పుట్టినది. ఫంక్ సంగీతమున మేళమంతయు ఆవర్తనపు మొదటి దెబ్బమీద కలిసి పడును. దీనిని నిలిపినవారిలో ముఖ్యుడు జేమ్స్ బ్రౌన్ (1933-2006). కడుబీదతనమున పెరిగిన యీతడు, స్వరము తప్పిన వాద్యగానికి జరిమానా వేయునంత కఠినముగ తన మేళమును సాధన చేయించెను.

1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య చేయబడగా అమెరికాలో అనేక నగరములు మండినవి. మఱునాటి రాత్రి బోస్టను నగరములో జేమ్స్ బ్రౌన్ కచేరి ముందే యేర్పాటై యుండెను. నగరాధికారులు దానిని మాన్పింపక, ఇంటింట చూచునట్లు టెలివిజనులో ప్రసారము చేయించిరి. ఆ రాత్రి బోస్టను చాలవఱకు ప్రశాంతముగ నుండెను. కష్టపడి వాయించు మేళమును గౌరవించిన నగరమునకు, ఆపదవేళ ఆ మేళమే అక్కఱకు వచ్చినది.

వాద్యములు ఇచ్చటను అచ్చటను ఇంచుమించు ఒక్కటియే. భేద మెచ్చట నున్నది? అచ్చట జనులు వాయించువారిని వేదిక యెక్కించి, పేరు తెలిసికొని, చెవియొగ్గి విన్నారు. మనము బజారున నడిపించి, పేరైన నడుగక, బాణసంచా చప్పుడులో వింటిమి. ఊరేగింపు ముగిసిన పిమ్మట మేళమువారు పందిరి వెనుక కడపటి బంతికై కాచుకొని యుండుట అనేక పెండ్లిండ్లలో కనబడును. కూలి యిచ్చుచున్నాము గదా యని కొందఱందురు. కూలి చేతికి ముట్టును. మర్యాద మనిషికి ముట్టవలెను.

ఇప్పుడు డీజే పెట్టెలు వచ్చినవి. వానికి అలుపు లేదు, ఆకలి లేదు. అందుచేతనే కొందఱికవి ముద్దు. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రదేశములలో పగటి శబ్దపరిమితి 55 డెసిబెళ్లు. రాత్రి పది మొదలు ఉదయము ఆఱు వఱకు లౌడుస్పీకర్లు సాధారణముగ నిషిద్ధములు. నియమము మాట యటుండగా, పెట్టె మనిషి మొగము చూడదు. క్లారినెట్టు వాయించువాడు అరుగుమీది ముసలమ్మను చూచి పాట మార్చును. పసిబిడ్డ ఉలికిపడిన డ్రమ్మువాడు దెబ్బ తగ్గించును.

2022 మే 24న జిల్లా పేరు విషయమై మన అమలాపురములో ఇండ్లు తగులబడినవి. ఒక మేళము ఆ మంటల నార్పియుండునని మేము చెప్పము. కాని అన్ని పేటలలోనికి పిలువబడి పోవువారు మన యూళ్లలో కొలదిమంది, వారిలో మేళమువారొకరు. ఏ పేట పెండ్లికొడుకు ముందైనను అదే క్లారినెట్టు పలుకును. అట్టివారికి తక్కినవారి సరసన విస్తరి వేయలేని యూరు సామరస్యమును గూర్చి సభలు చేయుట వ్యర్థము.

కాబట్టి తలిదండ్రులకు మా మనవి యిది. మీ యింటి శుభకార్యమున ఊరేగింపు ముగిసినతోడనే మేళమును పంపివేయకుడు. పందిటిలో కుర్చీలు వేయించి, అరగంటసేపు వారికి నచ్చినది వాయింపుమని కోరి, కూర్చుండి వినుడు. అటుపిమ్మట మీ బంధువులతో పాటు మొదటి బంతిలో భోజనము పెట్టుడు. పాఠశాలలవారును వార్షికోత్సవమున అతిథులను గేటునుండి తెచ్చుటకు మాత్రమే మేళమును పిలువక, కార్యక్రమపత్రములో వాయించువారి పేర్లు అచ్చువేసి, వేదికపై వారికొక గంట యీయవలెను.

ప్రతి బడిలోను తండ్రియో మామయో మేళములో నున్న బాలుడు ఒకడైన నుండును. తండ్రి పని యేమని అడిగినప్పుడు కూలియని మెల్లగా చెప్పి అతడు తల వంచుకొనకూడదు. “మా నాన్నగారు క్లారినెట్టు వాయింతురు” అని నిండుగొంతుతో చెప్పవలెను. ఆ గొంతు నిచ్చుట మన పెద్దల చేతిలోని పని.