ఫ్రిజ్ ఆపితే ఆదా కాదు - దుమ్ము దులిపితేనే ఆదా
ఎండలు ముదరకముందే దుకాణదారులు మేల్కొనాలి

చండ్రుగొండ: శివరాత్రి వెళ్లిందంటే ఎండలు మొదలైనట్లే. కొత్తగూడెం బొగ్గుగనుల పరిసరాల నుంచి భద్రాచలం అడవుల వరకు మే నెలలో 44, 45 డిగ్రీల ఎండ కొత్తేమీ కాదు. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో రెండు వేల మందికి పైగా మరణించారు. ఇటువంటి ఎండలలో పాలకు, పెరుగుకు, చివరకు చక్కెర వ్యాధి రోగులు వాడే ఇన్సులిన్‌కు సైతం పల్లె ప్రజలు దుకాణాలలోని ఫ్రిజ్‌లనే నమ్ముకోవలసి వస్తున్నది.

దుకాణాలకు కరెంటు యూనిట్ ధర ఇళ్లకంటే ఎక్కువ. ఈ భారం తగ్గించుకోవడానికి కొందరు రాత్రిపూట ఫ్రిజ్ కట్టేసి, తెల్లవారి మళ్లీ వేస్తుంటారు. పాలప్యాకెట్లను 5 డిగ్రీల లోపు చల్లదనంలో ఉంచాలి. అంతకు మించి వేడెక్కితే వాటిలో సూక్ష్మక్రిములు త్వరగా పెరుగుతాయి. తెల్లవారి మళ్లీ చల్లబరచినంత మాత్రాన ఆ పాలు బాగుపడవు. ఆ పాలు తాగి వాంతులు, విరేచనాల పాలయ్యేది పసిపిల్లలే. ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. అది ఎండకు చెడినా, గడ్డకట్టినా పనికిరాదు.

బిల్లు పెరగడానికి అసలు కారణం వేరు

ఫ్రిజ్ లోపలి వేడిని లాగి కండెన్సర్ ద్వారా బయటికి వదులుతుంది. కండెన్సర్‌కు రోడ్డు దుమ్ము, పిండి పట్టుకుంటే వేడి బయటికి పోదు. బయట 44 డిగ్రీల ఎండ ఉన్నప్పుడు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మోటారు ఆగకుండా తిరిగి బిల్లు పెరుగుతుంది, చివరకు కంప్రెసర్ కాలిపోతుంది. కూల్‌డ్రింకు కంపెనీలు ఇచ్చిన పెట్టెల విషయంలో నిర్లక్ష్యం మరింత ఎక్కువ. పెట్టె కంపెనీదే అయినా బిల్లు కట్టేది దుకాణదారుడేనన్న సంగతి మరువరాదు.

ప్లగ్గు తీసి, నెలకొకసారి మెత్తని బ్రష్షుతో కండెన్సర్ దుమ్ము దులపడానికి పైసా ఖర్చు లేదు. ఫ్రిజ్‌ను గోడకు జానెడు దూరంలో, ఎండ పడని చోట ఉంచాలి. తలుపు సందులో కాగితం పెట్టి మూసి లాగినపుడు తేలికగా ఊడివస్తే రబ్బరు పాడైనట్లే. లోపల మంచు పేరుకుంటే ఫ్రిజ్ ఆపి కరగనివ్వాలే తప్ప కత్తితో గీకరాదు. గొట్టానికి చిల్లుపడి గ్యాస్ పోతుంది. కారే చోటు మూయకుండా గ్యాస్ నింపించడం డబ్బు దండగ. కొత్త ఫ్రిజ్‌లలో కొన్నింటి గ్యాస్‌కు మంటలు అంటుకునే గుణం ఉన్నందున తెలియనివారి చేత వెల్డింగు చేయించరాదు. ఓల్టేజీ హెచ్చుతగ్గులున్న చోట స్టెబిలైజర్ తప్పనిసరి. కరెంటు పోయి వచ్చినపుడు అయిదు నిమిషాలు ఆగి ఫ్రిజ్ వేయాలి.

మే నెలలో ఫ్రిజ్ చెడిపోతే కొత్తగూడెం నుంచో, సత్తుపల్లి నుంచో మెకానిక్ వచ్చేదాకా సరకు ఆగదు. అదే ఇప్పుడైతే తీరికగా బాగుచేయించుకోవచ్చు. ఫ్రిజ్‌లో చిన్న థర్మామీటరు వేలాడదీస్తే కొనేవారికీ నమ్మకం కలుగుతుంది. ప్యాకెట్ చల్లగా లేకుంటే తీసుకోబోమని కొనేవారు కూడా గట్టిగా చెప్పాలి. ఆహార భద్రతా అధికారులు సైతం ఎండలు ముదిరాక కాక, ముందుగానే దుకాణాలను తనిఖీ చేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.