నొప్పి గోలీ

మన కాలేజీలో చదివే ఎందరి ఫీజులో బీడీలు చుట్టిన చేతుల నుంచి, బొగ్గుబాయిలో చేసిన కష్టం నుంచి వచ్చినవే. సిరిసిల్ల, కోరుట్లలలో పొద్దంతా వంగి కూర్చుని బీడీలు చేసే అమ్మకు మెడనొప్పి. గోదావరిఖని, మందమర్రి గనుల్లో దిగే నాయనకు నడుమునొప్పి. ఇద్దరికీ మందు ఒక్కటే: దుకాణంలో అడిగి తెచ్చుకునే ‘నొప్పి గోలీ’. మింగితే కాసేపట్లో హాయి. మరి ఇందులో తప్పేమిటి?

తప్పు గోలీది కాదు. ఎవరినీ అడగకుండా నెలల తరబడి మింగడమే తప్పు.

డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మందులు శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ ఇలా పనిచేస్తుందని 1971లో చూపిన జాన్ వేన్‌కు 1982లో నోబెల్ బహుమతి లభించింది. నొప్పినీ వాపునూ పెంచేవి ఆ పదార్థాలే. కడుపు లోపలి పొరను కాపాడేవీ, మూత్రపిండాలకు రక్తం అందేలా చూసేవీ అవే. అందుకే నొప్పి తగ్గినా పుండు పడవచ్చు, మూత్రపిండం దెబ్బ తినవచ్చు.

2013లో బెజ్జూరు అడవిలోని పాలరాపు గుట్ట మీద రాబందులు కనబడితే ఎందుకంత సంబరపడ్డాము? డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువుల కళేబరాలు తిని, మూత్రపిండాలు చెడి, దేశంలో రాబందులు లక్షలుగా చచ్చాయి గనుక! పశువులకు ఆ మందును 2006లో నిషేధించారు. మనిషి రాబందంత సున్నితం కాడు, నిజమే. కాని దాన్ని చూసైనా మనం జాగ్రత్త నేర్వవద్దా?

సోదర సోదరీమణులారా! ఇంటికి పోయినప్పుడు ఆ గోలీల పట్టీ తీసి చదవండి. పేర్లు వేరైనా రెండింటిలో ఒకే రకం మందు ఉండవచ్చు, కలిపి వేసుకోనివ్వకండి. పరగడుపున వద్దు. బి.పి., గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారు, రక్తం పలుచబడే మందు వాడేవారు, గర్భిణులు డాక్టరును అడగనిదే ముట్టరాదు. మన రామగుండం ఎండల్లో చెమటోడ్చి, నీళ్ళు తాగక వేసుకుంటే మూత్రపిండాలకు మరింత ముప్పు. డెంగీ అనుమానమున్న జ్వరంలో ఇవి అసలే కూడదు. మలం నల్లబడినా, కాళ్ళు వాచినా, మూత్రం తగ్గినా గోలీ ఆపి వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

డాక్టరు రాసిన మందును భయపడి మానమనడం లేదు. ఎంత మోతాదు, ఎన్ని రోజులు అని అడగమంటున్నాను. అమ్మానాన్నలు నొప్పిని గోలీతో అణచుకుని మనల్ని చదివించారు. ఆ పట్టీ మీది నాలుగు అక్షరాలు వారికి చదివి చెప్పలేకపోతే మన డిగ్రీ ఎందుకు?